గోబీ కాపరుల ఇంటికి తొలిసారి అతిథిగా వెళ్తున్న మీకు

సైన్‌షాండ్ సమీపంలో భారతదేశపు రుణసాయంతో కడుతున్న చమురుశుద్ధి కర్మాగారంలో పని మీద మీరు మంగోలియాకు వచ్చారని, మీ బండి నడిపే డ్రైవరు సెప్టెంబరులో గోబీ ఎడారిలో మందలతో ఉన్న తన తల్లిదండ్రుల దగ్గరికి రెండు రోజులు రమ్మని పిలిచాడని రాశారు. ఏం తీసుకువెళ్ళాలి, డబ్బు ఇవ్వవచ్చా, మాంసం తినని మీకు అక్కడ తిండి ఎలా, "దేశదిమ్మరుల" పద్ధతులు తెలియక వారిని నొప్పిస్తానేమో అని అడిగారు. పశువైద్యుడిగా నేను తొమ్మిదేళ్ళు మంగోలియాలో, అందులో ఎక్కువ కాలం గోబీ జిల్లాల్లో, కాపరుల మధ్య పనిచేశాను. మీ ప్రశ్నలకు జవాబులు చెప్తాను గాని, వాటన్నిటికీ మూలమైన ఒక మాట ముందు చెప్పాలి. మీరు అక్కడికి ఒక జాతిని చూడటానికి వెళ్ళడం లేదు, ఒక ఇంటికి అతిథిగా వెళ్తున్నారు. ఆ దేశంలో అతిథి అంటే కూర్చుని పెట్టించుకునేవాడు మాత్రమే కాదు, అతిథికి కూడా చేయవలసిన పని ఒకటి ఉంటుంది.

మొదట ఆ "దేశదిమ్మరి" అనే పదాన్ని మనసులోంచి తీసివేయండి. మీ డ్రైవరు తల్లిదండ్రులు దారీ తెన్నూ లేకుండా తిరిగేవారు కారు. వారికి ఓవొల్‌జో అనే శీతకాలపు మకాం ఒకటి ఉంటుంది. గాలి తగలని కొండ వాలులో, రాళ్ళతోనో చెక్కలతోనో కట్టిన దొడ్డి, ఏళ్ళ తరబడి పేరుకుని జీవాలకు కింద నుంచి వెచ్చదనం ఇచ్చే పేడ పరుపు ఉండే చోటు అది. ఆ కుటుంబం ఏటా అక్కడికే తిరిగి వస్తుంది. వసంతానికి, వేసవికి, శరదృతువుకు వేరే మకాములుంటాయి. గడ్డి, నీరు ఎక్కడ ఉన్నాయో దాన్ని బట్టి దూరం మారుతుంది. వాన మొహం చాటేసిన ఏడు ఓతోర్ అనే దూరప్రయాణం కడతారు. అనంతపురం జిల్లాలో ఎండాకాలం మేత కోసం మందలను నీటివసతి ఉన్న ప్రాంతాలకు తోలుకుపోయి, రాత్రిళ్ళు రైతుల పొలాల్లో మంద నిలిపి, తొలకరికి ఊరు చేరే గొల్లలను చూస్తూ పెరిగినవాడిని కాబట్టి నాకు ఈ లెక్క త్వరగానే అర్థమైంది. తేడా ఏమిటంటే మన కాపరి పరాయి పొలం గట్టు మీద నడుస్తాడు. మంగోల్ కాపరికి ఆ నేలంతా ఉమ్మడి. 1992 నాటి వారి రాజ్యాంగం పచ్చిక బయళ్ళను ఎవరి సొంత ఆస్తిగానూ ఇవ్వరాదని, పశుసంపద జాతి సంపద అని చెప్తుంది. సోషలిస్టు కాలంలో మందలు నెగ్‌దెల్ అనే సహకార సంఘాలవి. 1990 తరువాత అవి మళ్ళీ కుటుంబాల చేతికి వచ్చాయి. మీరు కలవబోయే పెద్దాయన వయసును బట్టి చూస్తే ఆయన యౌవనమంతా సంఘపు ఒంటెలనో గొర్రెలనో జీతానికి కాచి ఉండవచ్చు. ఆ రోజుల గురించి అడిగితే చాలామంది ఇష్టంగా చెప్తారు.

ఇక అతిథి పని గురించి. రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి ఐదున్నర రెట్లకు మించిన దేశంలో ఉన్నది దాదాపు 35 లక్షల మంది, అందులో సగానికి దగ్గరగా ఉలాన్‌బాతర్ నగరంలోనే ఉన్నారు. గోబీలో ఒక ఇంటి నుంచి పొరుగింటికి పది కిలోమీటర్లున్నా ఎవరూ ఆశ్చర్యపోరు. అటువంటి చోట దారిన పోయేవాడికి టీ, తిండి, పడక ఇవ్వడం దయాగుణం మాత్రమే కాదు, రేపు తన కొడుకు గుర్రాన్ని వెదుకుతూ మంచుగాలిలో చిక్కుకుంటే ఇంకో ఇంట్లో అదే దొరుకుతుందనే భరోసా కూడా. దానికి బదులుగా వచ్చినవాడు వార్త తేవాలి. ఎక్కడ వాన పడింది, ఏ బావిలో నీరుంది, దారిలో ఎవరి ఒంటెలు కనిపించాయి, ధరలెలా ఉన్నాయి. అందుకే పలకరింపులయ్యాక తప్పకుండా వచ్చే ప్రశ్న "సోనిన్ సైహన్ యూ బైన్", అంటే కొత్త సంగతులు, మంచి సంగతులు ఏమున్నాయని. "తైవన్ సైహన్" అని, అంతా ప్రశాంతమని ముందు జవాబు చెప్పి, ఆ తరువాత నిదానంగా మీ సంగతులు చెప్పండి. మీ ఊరు, మీ అమ్మానాన్నలు, మీ ఊళ్ళో ఈ ఏడు వానలు, మీ ఇంట్లో పాడి ఉందా లేదా, అన్నీ వారికి ఆసక్తికరమైన విషయాలే. ఏమీ మాట్లాడకుండా చుట్టూ చూస్తూ కూర్చునే అతిథి వారికి భారం. ఫోనులో మీ ఇంటివారి ఫొటోలు, గేదెల ఫొటోలు, వరి పొలం ఫొటోలు సిద్ధంగా పెట్టుకోండి. నల్లటి గేదెను చూసి ఆ ఇంటి పిల్లలు మిమ్మల్ని గంటసేపు ప్రశ్నలడుగుతారు.

బండి గెర్ దగ్గర ఆగగానే దిగకండి. గెర్ అంటే ఉన్ని నొక్కి చేసిన దళసరి దుప్పట్లు కప్పిన గుండ్రటి ఇల్లు. దాని కాపలా కుక్కలు తోడేళ్ళను ఎదుర్కొనేవి, పైగా రేబిస్ భయం అక్కడా ఉంది. తలుపు తట్టే అలవాటు వారికి లేదు. "నోహోయ్ హోర్" అని, అంటే కుక్కను పట్టుకోండి అని కేకేస్తారు. కుక్క లేని ఇంటి ముందు కూడా అదే కేక. ఎవరో ఒకరు బయటికి వస్తారు. మీ డ్రైవరు తన ఇంటికే వెళ్తున్నాడు కాబట్టి ఇదంతా ఆయనే చూసుకుంటాడు, మీరు ఆయన వెనుక నడవండి. పెద్దవారిని పేరుతో పిలవవలసి వస్తే చివర "గ్వాయ్" చేర్చండి. అది అచ్చంగా మన "గారు".

పలకరింపు క్రమం గురించి నేను చేసిన ఒక తప్పు చెప్తాను, అది మీకు పనికి వస్తుంది. 2010 వసంతంలో నేను మొదటిసారి దుంద్‌గోవి అనే గోబీ జిల్లాలో ఒక కాపరి ఇంట్లో అడుగుపెట్టాను. అంతకు ముందు శీతకాలంలో దేశమంతటా 80 లక్షలకు పైగా జీవాలు చనిపోయాయి. దాన్ని జుద్ అంటారు. వేసవిలో వానలు లేక గడ్డి పెరగకపోతే జీవాలకు కొవ్వు పట్టదు. ఆ పైన మంచు దట్టంగా కురిస్తే తెల్ల జుద్, మంచే పడక తాగడానికి ఏమీ దొరక్కపోతే నల్ల జుద్, మంచు కరిగి మళ్ళీ గడ్డకట్టి గడ్డి మీద పలకలా పరుచుకుంటే ఇనుప జుద్. నేను కాగితం, కలం చేతిలో పట్టుకుని, కూర్చున్న వెంటనే ఎన్ని చనిపోయాయని అడిగాను. ఇంటి పెద్ద నా వైపు కాసేపు చూసి, "జీవాలు కొవ్వు పట్టి సుఖంగా ఉన్నాయి" అన్నాడు. గెర్ వెనుక కళేబరాలు కుప్పగా ఉన్నాయి. నా దుబాసీ తల వంచుకున్నాడు. ఆ తరువాత టీ వచ్చింది, రెండో గిన్నె వచ్చింది, నా ప్రయాణం గురించి, నా తల్లి గురించి ఆయన అడిగాడు. గంటన్నర గడిచాక, ఎవరూ అడగకుండానే, ఏ రోజు ఏ గొర్రె పోయిందో ఒక్కొక్కటిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన నిజం దాచలేదు. నిజం చెప్పడానికి ముందు మనుషులుగా కూర్చోవడం ఒకటి ఉందని, దాన్ని నేను దాటవేశానని ఆ రోజు నాకు తెలిసింది.

కాబట్టి మీరు నేర్చుకోవలసిన మొదటి వాక్యం "మల్ సురెగ్ తర్గన్ తావ్‌తై యూ", మీ మందలు కొవ్వు పట్టి క్షేమంగా ఉన్నాయా అని. సెప్టెంబరు గనుక "సైహన్ నమర్‌జిజ్ బైన ఊ" అని, శరత్తును సుఖంగా గడుపుతున్నారా అని కూడా అడగవచ్చు. ఉచ్చారణ తప్పినా ఫరవాలేదు. మనుషుల కంటే ముందు జీవాలను అడగడం మన పల్లెల్లోనూ కొత్త కాదు. అయితే ఎన్ని ఉన్నాయని మాత్రం తొలి పరిచయంలో అడగకండి. అది మన దగ్గర కొత్తగా కలిసినవారిని బ్యాంకులో ఎంత ఉందని అడిగినట్టు ఉంటుంది.

లోపలికి వెళ్ళేటప్పుడు గడప తొక్కకండి. ఈ నియమం ఎంత పాతదంటే, 1254లో మంగోల్ చక్రవర్తి మోంగ్కే ఖాన్ కొలువుకు వచ్చిన విలియం ఆఫ్ రూబ్రుక్ అనే క్రైస్తవ సన్యాసి వెంట ఉన్న సహచరుడు బయటికి వస్తూ గడప తొక్కినందుకు అతణ్ణి మళ్ళీ ఖాన్ నివాసంలోకి రానివ్వలేదు. గడపకు పసుపు రాసే ఇంట్లో పెరిగిన మీకు దీన్ని వివరించనవసరం లేదు. తలుపు దక్షిణానికి ఉంటుంది. లోపలికి వెళ్ళాక ఎడమ వైపుకు, అంటే పడమటి పక్కకు, సూర్యుడు తిరిగే దిశలో నడవండి. అతిథులు కూర్చునేది అటువైపే. తూర్పు పక్క ఇల్లాలిది, వంట సామాను అక్కడ ఉంటుంది. తలుపుకు ఎదురుగా ఉత్తరాన ఉండేది హోయిమోర్, బుద్ధుడి పటం, పూర్వికుల ఫొటోలు, గెలుచుకున్న పతకాలు ఉండే గౌరవస్థానం. అక్కడికి పిలిస్తే వెళ్ళండి, మీకై మీరు వెళ్ళి కూర్చోకండి. మధ్యలో పొయ్యి, దాని పక్కన కప్పును మోసే రెండు బగానాలు, అంటే స్తంభాలు. వాటికి ఆనుకోవద్దు, వాటి మధ్య నుంచి ఏదీ అందించవద్దు. పొయ్యి వైపు కాళ్ళు చాపవద్దు, అందులో చెత్త వేయవద్దు. ఆ నిప్పు వారికి పూజనీయం. అందులో మండేది అర్గల్, మన పిడకల వంటిదే, కాకపోతే తట్టి చేసినది కాదు, బయట దానంతట అది ఎండినది ఏరుకొస్తారు. ఈ నియమాలను బట్టీ పట్టనవసరం లేదు. ఇల్లంతా ఒకే గది అయినప్పుడు, గోడలు లేని చోట గోడల పని చేసేవి ఇవేనని గుర్తుంచుకుంటే చాలు. 2013లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది గెర్ తయారీ నైపుణ్యాన్ని మాత్రమే కాదు, దానితో ముడిపడిన ఈ ఆచారాలను కూడా.

ఏది ఇచ్చినా కుడి చేత్తో, ఎడమ చేతిని కుడి మోచేతి కింద ఆనించి తీసుకోండి, లేదా రెండు చేతులా తీసుకోండి. మొదట వచ్చేది సూతేయ్ త్సాయ్, ఉప్పు వేసిన పాల టీ. తీపి ఆశించి తాగితే మొదటి గుక్క ఇబ్బంది పెడుతుంది. పల్చటి ఉప్పు మజ్జిగ తాగుతున్నట్టు అనుకోండి. పెద్దాయన హోరొగ్ అనే రాతి నశ్యం బుడ్డి అందిస్తే అరచేయి తెరిచి తీసుకుని, నశ్యం అలవాటు లేకపోయినా ముక్కు దగ్గరకు తెచ్చి, మూత బిగించకుండా తిరిగి ఇవ్వండి. సారా గిన్నె వస్తే ఉంగరం వేలు ముంచి గాలిలోకి చిమ్మి, పెదవులకు ఆనించి తిరిగి ఇచ్చినా మర్యాద దక్కుతుంది. అసలు చేయి చాపకపోవడమే తప్పు.

మాంసం విషయం మాత్రం ఇప్పుడే, ఈ వారమే, మీ డ్రైవరుకు విడమరిచి చెప్పండి. చివరి నిమిషంలో చెప్తే వారు మీ కోసం ఒక గొర్రెను కోసి ఉంటారు, అప్పుడు మీ నియమం మీకు, వారి నష్టం వారికి మిగులుతుంది. ముందే తెలిస్తే ఇబ్బంది లేదు, ఎందుకంటే శరదృతువు ఇంకా "త్సగాన్ ఇదే" కాలమే. తెల్లని తిండి అని దాని అర్థం. గట్టిపడిన మీగడ ఓరొమ్, ఎండబెట్టిన పెరుగుగడ్డ ఆరూల్, పెరుగు, జున్ను వంటి బ్యాస్లగ్, పిండివంట బోర్‌త్సోగ్ దొరుకుతాయి. నూనె విషయం అడిగి తెలుసుకోండి, చాలా చోట్ల బోర్‌త్సోగ్‌ను జంతువుల కొవ్వులో వేయిస్తారు. ఆరూల్‌ను కొరకవద్దు, బుగ్గన పెట్టుకుని నానబెట్టాలి. మీతో అటుకులు, పల్లీలు, నిమ్మకాయ పచ్చడి తీసుకువెళ్ళి, వాటిని విడిగా తినకుండా అందరికీ పంచండి. వారు గొర్రెను కోయడం చూసే పరిస్థితి వస్తే భయపడకండి. రొమ్ము దగ్గర చిన్న కోత పెట్టి, చేయి లోపలికి పోనిచ్చి ప్రధాన రక్తనాళాన్ని తెంపుతారు. రక్తం చుక్క కూడా నేల మీద పడనివ్వరు.

పశువైద్యుడిగా ఒక హెచ్చరిక చేయక తప్పదు. మన పల్లెల్లో ఈసుకుపోయే రోగం అనే బ్రూసెల్లోసిస్ మంగోలియా మందల్లో ఉంది, అది పచ్చిపాల ద్వారా మనుషులకు వస్తుంది. కాచిన టీకి భయం లేదు. గోబీలో ఒంటె పాలు పులియబెట్టి చేసే హోర్మోగ్, ఇతర చోట్ల గుర్రం పాలతో చేసే అయిరగ్ కాచినవి కావు. నేను తాగాను, ఇష్టపడ్డాను కూడా. కాని రెండు రోజుల కోసం వెళ్ళే మీకు ఒక గుక్క రుచి చూసి గిన్నె తిరిగి ఇవ్వమనే చెప్తాను. గిన్నెను మర్యాదగా అందుకున్న తరువాత తక్కువ తాగినందుకు ఎవరూ నొచ్చుకోరు. అప్పుడే ఈనిన జీవాన్ని, దాని మాయను ఒట్టి చేతులతో ముట్టుకోవద్దు. సెప్టెంబరులో ఆ అవసరం రాదులెండి.

నీటి గురించి జాగ్రత్త. అక్కడ ప్రతి చుక్కా బావి నుంచి పీపాల్లో మోసుకు వచ్చినదే. స్నానం సంగతి రెండు రోజులు మరచిపోండి, ముఖానికి ఒక గ్లాసు చాలు. బావి గట్టున, జీవాలు తాగే తొట్టె దగ్గర సబ్బు వాడటం పెద్ద అపరాధం. కాలకృత్యాలకు ఇంటికి, దొడ్డికి, బావికి దూరంగా నడవాలి. మగవారు దానికి "గుర్రాన్ని చూసి వస్తాను" అంటారు. ఆ మాట మీ నోట వింటే ముసలమ్మ కూడా నవ్వుతుంది.

కానుకల గురించి: మీరు కుటుంబంలోని మనిషి పిలిస్తే వెళ్తున్నారు కాబట్టి బసకు ఇంత అని డబ్బు ఇవ్వకండి. పర్యాటకులకు బస ఇవ్వడమే జీవనోపాధిగా పెట్టుకున్న ఇళ్ళు వేరు, అక్కడ మాట్లాడుకున్న సొమ్ము ఇవ్వడమే న్యాయం. మీరు బియ్యం, గోధుమపిండి, చక్కెర, ఇటుకలా నొక్కి అమ్మే టీ ఆకు, గోబీలో అరుదైన పళ్ళు, కూరగాయలు, పిల్లలకు రంగు పెన్సిళ్ళు తీసుకువెళ్ళండి. మిఠాయిలు ఇంటావిడ చేతికి ఇవ్వండి, పిల్లలకు పందేరం పెట్టకండి. కానుకను మీ ముందే విప్పి చూడకపోతే నచ్చలేదని అనుకోవద్దు. భారతదేశం నుంచి తెచ్చిన అగరొత్తులకు ప్రత్యేక విలువ ఉంటుంది, ఎందుకంటే వారి భాషలో ఎనెత్‌హెగ్ అనే మన దేశం వారికి బౌద్ధం పుట్టిన నేల.

తెలుగువారిగా మీరు ఇవ్వగలిగినది ఇంకొకటి ఉంది. సైన్‌షాండ్‌కు దక్షిణాన ఖమార్ మఠం ఉంది. 1803 నుంచి 1856 వరకు జీవించిన దన్‌జన్‌రవ్‌జా అనే కవి, లామా నెలకొల్పినది. దాని పక్కనున్న చోటును అక్కడివారు శంభల అనే బౌద్ధ పురాణాల పుణ్యరాజ్యానికి ద్వారంగా భావిస్తారు, దేశం నలుమూలల నుంచి వస్తారు. శంభల కథ కాలచక్ర తంత్రం అనే బౌద్ధ బోధకు చెందినది. బౌద్ధ సంప్రదాయం ప్రకారం శంభల రాజు సుచంద్రుడికి బుద్ధుడు ఆ బోధ చేసింది ధాన్యకటకంలో, అంటే మన అమరావతిలో. 2006 జనవరిలో దలైలామా కాలచక్ర దీక్షను అమరావతిలో ఇచ్చింది అందుకే. అమరావతి స్తూపం ఫొటో ఒకటి మంచి కాగితం మీద ముద్రించి, చట్రం కట్టించి తీసుకువెళ్ళండి, మీది ఆ ప్రాంతమని చెప్పండి. సైన్‌షాండ్ ఉన్న దోర్నోగోవి జిల్లాలో ఒక ఇంట్లో నేను ఇచ్చిన అటువంటి ఫొటో నాలుగేళ్ళ తరువాత వెళ్ళినప్పుడు కూడా హోయిమోర్‌లో బుద్ధుడి పక్కనే ఉంది. రాత్రి బయట నిలబడితే గ్రహాలను చూపించి పేర్లు అడగండి. అంగారగ్, బుద్, బర్‌హస్‌బాద్, సుగర్ అని చెప్తారు. అంగారకుడు, బుధుడు, బృహస్పతి, శుక్రుడు బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్ళి అక్కడే ఉండిపోయారు.

వారు గతంలో ఆగిపోయినవారని అనుకోకండి. గెర్ మీద సౌరఫలకం, లోపల టీవీ, ఒంటెలను వెదకడానికి మోటారుసైకిల్ ఉంటాయి, వాటిని చూసి నిరాశ పడేవారిని నేను చూశాను, అది నాకు బాధ కలిగించేది. వారి కష్టం వేరే చోట ఉంది. పిల్లలు చదువుకోవాలంటే సుమ్ కేంద్రంలో, అంటే మన మండల కేంద్రం వంటి చోట, వసతిగృహంలో ఉంచాలి, లేదా తల్లి వారితో వెళ్ళిపోవాలి. తండ్రి ఒక్కడే మందతో మిగులుతాడు. కాశ్మీర ఉన్నికి ధర ఉందని మేకలు పెరిగాయి, మేకలు గడ్డిని వేళ్ళతో సహా పీకుతాయి, గోబీ నేల దాన్ని తట్టుకోలేదు. 2023-24 శీతకాలపు జుద్‌లో మళ్ళీ 70 లక్షలకు పైగా జీవాలు పోయాయి. మందలు పోగొట్టుకున్నవారు గెర్ విప్పుకుని వెళ్ళి ఉలాన్‌బాతర్ శివార్లలో వేసుకుంటారు. మీ డ్రైవరు ఎందుకు డ్రైవరయ్యాడో బహుశా ఆయన తల్లే మీకు చెప్తుంది. చెప్తే వినండి, సలహా ఇవ్వకండి.

ఫొటోలు మొదటి రోజు తీయకండి. రెండో రోజు అడిగితే, మంచి దుస్తులు వేసుకుని, గుర్రాన్నో ఒంటెనో పక్కన నిలబెట్టుకుని వారే వరుసగా నిలుచుంటారు. ఆ ఫొటోలను తప్పనిసరిగా కాగితం మీద ముద్రించి, తరువాతి సారి ఇంటికి వెళ్ళేటప్పుడు డ్రైవరు చేతికి ఇవ్వండి. ఫోనులో పంపితే సరిపోతుందని అనుకోవద్దు.

మీరు బయలుదేరేటప్పుడు ఆ ఇంటి తల్లి పాల గిన్నె, చెక్క గరిట పట్టుకుని బయటికి వస్తుంది. బండి కదలగానే మీరు పోయే దారి వైపు పాలు చిలకరిస్తుంది. అప్పుడు వీడ్కోలు చెప్తూ చేయి ఊపడం కోసం బండి ఆపించవద్దు. ఆ పాలు మీరు ఆగడానికి కాదు, క్షేమంగా వెళ్ళడానికి. మీ డ్రైవరుకు అది తెలుసు, ఆయన నెమ్మదిగా పోనిస్తాడు.